కొయ్య పళ్ళెం ఎవరి కోసం చెక్కారు? మెలనీషియా విందు పాత్రల మీద చర్చ

హువాన్‌తీరం:
సభ్యులందరికీ నమస్కారం. నేను మెలనీషియాలో, అంటే ఆస్ట్రేలియాకు ఉత్తరానా ఈశాన్యానా పసిఫిక్ సముద్రంలో ఉన్న దీవుల్లో, పాపువా న్యూ గినీలోని లే నగరంలో మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. కిందటి నెలలో ఇక్కడి ఒక దుకాణంలో పడవ ఆకారపు నల్లని కొయ్య పళ్ళెం ఒకటి కొన్నాను. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, నాలుగు వేళ్ళ లోతు ఉంటుంది. పక్కల మీద చెక్కిన గీతల్లో తెల్లని సున్నం నింపారు. ఒక కొసన పెద్ద కళ్ళున్న ముఖం, దాని నెత్తిన తలపాగా వంటి అలంకారం ఉన్నాయి. తామీ దీవుల పని అనీ, వందేళ్ళ నాటిదనీ దుకాణదారు చెప్పాడు. నేనూ నమ్మి అడిగినంతా ఇచ్చాను. ఇంటికి తెచ్చి తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూటు పాలిష్ వాసన వచ్చింది.

డబ్బు పోయిందన్న బాధ అలా ఉంచితే, నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. మా కార్యాలయంలోని ఒక స్థానికుడి ఇంటికి విందుకు వెళ్ళినప్పుడు చేమదుంపలు, కోడి, అన్నం అన్నీ ఎనామిల్ బేసిన్లలోనూ అరిటాకుల మీదా వడ్డించారు. కొయ్య పళ్ళెం ఒక్కటీ కనిపించలేదు. తినడానికే చేసిన పాత్ర అయితే దాని మీద ఇంత చెక్కడం ఎందుకు, ఇంత ఖరీదు ఎందుకు, ఇప్పుడు ఇళ్ళలో లేకపోవడం ఎందుకు? తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

పాతపుస్తకాలు:
హువాన్‌తీరం గారూ, మీరున్న చోటి నుంచే మొదలుపెడదాం. తామీ దీవులు ఫిన్ష్‌హాఫెన్ పట్టణానికి దక్షిణంగా, హువాన్ సింధుశాఖ ముఖద్వారంలో ఉన్న కొద్దిపాటి పగడపు దిబ్బలు. వాటి మీద కొబ్బరిచెట్లు నిలబడతాయి గానీ ఊరంతటికీ సరిపడా చేమ, పెండలం పండించే నేల లేదు. తిండి ఎదుటి తీరం నుంచి రావాలి, ఊరికే రాదు కనుక బదులుగా ఏదో ఒకటి పోవాలి. తామీవాళ్ళ చేతిలో ఉన్నవి రెండే, పడవ నడపడం, కొయ్య చెక్కడం. అందువల్ల వారి పళ్ళేలు హువాన్ తీరం పొడవునా, విటియాజ్ జలసంధి దాటి సియాసీ దీవులకూ న్యూ బ్రిటన్ దీవికీ వెళ్ళాయి.

పళ్ళెం తినడానికేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుందని నా అభిప్రాయం. ఆ తీరంలో పెళ్ళికొడుకు తరపువారు పిల్ల తరపువారికి ఇచ్చే కన్యాశుల్కంలో పందులు, పంది కోరలు, కుక్క పళ్ళ దండలతో పాటు తామీ పళ్ళేలూ లెక్కకు వచ్చేవి. విందునాడు అందులో వండిన దుంపలూ మాంసమూ పెట్టేవారన్నది నిజమే. కానీ మిగతా కాలమంతా అది చూరు కింద దాచిన సొమ్ము. మన ఇళ్ళలో పెట్టెలో ఉండే వెండి కంచంలో రోజూ అన్నం తింటున్నామా?

ఉలిబాడిస:
నేను వడ్రంగం చేసేవాడిని, పుస్తకాలు అంతగా చదవలేదు. కొయ్య గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను. తామీ పళ్ళేనికి వాడేది క్విలా. అదే మనవాళ్ళు సింగపూర్, మలేషియా వైపు మెర్బావ్ అని కొనే కలప, శాస్త్రనామం ఇంట్సియా బైజూగా. మన చింతచెట్టుకు దూరపు చుట్టం, చిక్కుడు కుటుంబంలో ఒకే ఉపకుటుంబానికి చెందినవి. చేవ ఎర్రగా, గట్టిగా, బరువుగా ఉంటుంది, చెదపురుగు అంత తేలిగ్గా ముట్టదు. వాన పడితే దాని నుంచి గోధుమరంగు నీరు కారి కింది గచ్చును మరక చేస్తుంది. దానికి ఇనుప మేకు కొట్టి తడి తగలనిస్తే మేకు చుట్టూ నల్లగా కమ్ముకుంటుంది. ఆ కర్రలో ఉన్న వగరు ఇనుముతో కలిసినప్పుడు జరిగే పని అది. కరక్కాయ నీటిలో ముంచిన గుడ్డ మీద, పాత ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో మన కలంకారీవాళ్ళు నల్లగీత తీసినప్పుడు జరిగేదీ అదే.

ఇంత గట్టి కర్రను ఇనుము రాకముందు వాళ్ళు రాతి బాడిసలతో తొలిచారు, సన్నపని గవ్వపెంకులతోనూ అగ్నిపర్వతపు గాజురాతి పెచ్చులతోనూ చేశారు. ఇనుము వచ్చాక న్యూ గినీ అంతటా వడ్రంగులు చేసిన మొదటి పని చిత్రిక బ్లేడును ఊడదీసి బాడిస పిడికి తాడుతో కట్టుకోవడం. ఆ సంగతి ఒక పాత ఫొటోలో చూసి నేను చాలాసేపు నవ్వుకున్నాను, తరవాత ఇంట్లో చేసి చూశాను. చక్కగా తెగుతుంది.

మీ పళ్ళెం సంగతికి వద్దాం. లోపలి అడుగును వెలుతురుకు వారగా పట్టి చూడండి. బాడిసతో తొలిచిన పాత్రలో చిన్నచిన్న పెచ్చులు లేచిన పల్లాలు చేప పొలుసుల్లా కనిపిస్తాయి. వాడకం వల్ల వాటి అంచులు అరిగి ఉంటాయి గానీ పూర్తిగా పోవు. యంత్రపు ఉప్పుకాగితంతో రుద్దినదైతే అడుగంతా ఒకే నునుపుగా ఉంటుంది. గీతల్లో ఉన్న సున్నాన్ని గోటితో గీరి చూడండి. పాతది రాయిలా పట్టుకుని ఉంటుంది, కొత్తది పొడిగా రాలుతుంది.

హువాన్‌తీరం:
చూశాను. పొలుసుల్లాంటి గుర్తులు లోపల ఉన్నాయి, అవి నిజంగా బాడిస దెబ్బలే. కానీ వాటి మీద కూడా పాలిష్ పూశారు. సున్నం మాత్రం గోటికి రాలింది.

పాతపుస్తకాలు:
అయితే చేతిపనే, కానీ ఈ మధ్యదే. పాత పద్ధతిలో నలుపు కోసం మాంగనీసు ఎక్కువగా ఉన్న నల్లమట్టిని పట్టించేవారు. తరవాత చెక్కిన గీతల్లో సున్నం రుద్దేవారు. ఆ సున్నం పగడాన్నో గవ్వలనో కాల్చి చేసినదే, వాళ్ళు వక్కతో పాటు నమిలేదీ అదే. వక్క, తమలపు కాయ, సున్నం మూడింటినీ మీరు లే బజారులో రోజూ చూస్తుంటారు. ఇప్పుడు అమ్మకానికి చేసేవారు బూటు పాలిష్‌తో పని కానిస్తున్నారు. అందువల్ల దాన్ని నకిలీ అని పూర్తిగా కొట్టివేయలేం. చెక్కిన చేయి అసలుదే కావచ్చు, చెప్పిన వయసే అబద్ధం.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. నిజంగా పాతది దొరికితే దేశం దాటించే ముందు ఆలోచించండి. పాపువా న్యూ గినీలో 1965 నాటి జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం అమలులో ఉంది. దాని పరిధిలోకి వచ్చే వస్తువును అనుమతి లేకుండా బయటికి తీసుకుపోకూడదు.

సందేహాలరాయుడు:
ఒక మాట అడగవచ్చునా? నేల లేనివాళ్ళు పళ్ళేలు చెక్కారు, నేల ఉన్నవాళ్ళు వాటిలో తిన్నారు అని పాతపుస్తకాలు గారు చెప్పినది వినడానికి చాలా బాగుంది. అందంగా ఉన్న ప్రతి సూత్రమూ నిజం కాదు కదా. తామీ ఒక్కటి చూపించి మెలనీషియా మొత్తానికీ అదే లెక్క అంటే ఎలా?

పాతపుస్తకాలు:
ఒక్కటే కాదు, రాయుడు గారూ. తామీకి పక్కనే సియాసీ దీవులున్నాయి. అక్కడి చిన్న దీవులవాళ్ళు రెండు తెరచాపల పడవల్లో జలసంధి అటూ ఇటూ తిరుగుతూ ఒకరి సరుకు మరొకరికి చేర్చి బతికారు. 1967లో వెలువడిన తన అధ్యయనంలో మానవశాస్త్రవేత్త థామస్ హార్డింగ్ ఆ లెక్క వివరించాడు. ఒక పందిని ఉంబోయి దీవిలో సగ్గుపిండి మూటలుగా మార్చి, ఆ మూటలను న్యూ గినీ తీరంలోని సియో, గితువా ఊళ్ళలో మట్టికుండలుగా మార్చి, ఆ కుండలను న్యూ బ్రిటన్‌కు తీసుకుపోతే, బయలుదేరిన ఒక్క పంది ఐదు నుంచి పది పందులుగా తిరిగివచ్చేది. అవతలి తీరంవాళ్ళకు కుండ ఎక్కడ ఎలా పుడుతుందో తెలియదు. తెలియనంత కాలం దాని విలువ తగ్గదు. పళ్ళెం కూడా ఈ దారిలోనే ప్రయాణించింది. కాబట్టి పళ్ళెం కథ ఒక్క చెక్కేవాడితో మొదలై తినేవాడితో ముగిసేది కాదు, నడుమ సముద్రం ఉంది.

నాందీవాసి:
ఫిజీ నుంచి ఒక మాట. మా ముత్తాత గిర్మిట్ కింద, అంటే కూలి ఒప్పందం మీద, మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఇక్కడి చెరకు తోటలకు వచ్చారు. 1903 నుంచి 1916 దాకా దక్షిణాది నుంచి వచ్చినవారిలో తెలుగువాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. మా ఇంట్లో ఇప్పుడు తెలుగు కొద్దిగానే మిగిలింది, తప్పులుంటే మన్నించండి. కానీ కొయ్య పాత్ర మాత్రం మా ఇంట్లో ఉంది. దాన్ని తనోవా అంటారు. యంగోనా, అంటే ఇక్కడి హిందుస్తానీలో అందరూ గ్రోగ్ అని పిలిచే కావా, అనే వేరు పానీయం కలుపుకునే, కాళ్ళున్న గుండ్రని పళ్ళెం. పెళ్ళయినా చావయినా మా పెరట్లో చాప పరిచి, నడుమ తనోవా పెట్టి కూర్చుంటాం. ఈ అలవాటు మాకు ఇతౌకేయి, అంటే ఫిజీ మూలవాసులైన ఇరుగుపొరుగు నుంచి వచ్చింది.

రాయుడు గారి ప్రశ్నకు ఫిజీలో మరో సాక్ష్యం ఉంది. మంచి తనోవా ఎక్కడిదని ఎవరిని అడిగినా ఫిజీకి తూర్పు వైపున్న లావ్ దీవుల్లోని కంబారా పేరు చెబుతారు. అది సున్నపురాతి దీవి, తోటలకు అంత అనువైనది కాదు. కానీ వేసి చెట్టు అక్కడ బాగా పెరిగేది. వేసి అంటే ఉలిబాడిస గారు చెప్పిన ఆ క్విలాయే, పేరు మారింది అంతే. తిండి తక్కువ, కర్ర మంచిది. మీ తామీ లెక్క సరిపోయినట్టే కదా?

సందేహాలరాయుడు:
సరిపోయినట్టే ఉంది. అయితే తనోవా మెలనీషియా వస్తువేనా? కాళ్ళున్న కావా పళ్ళేలు సమోవా, టోంగాల్లోనూ ఉన్నాయి.

నాందీవాసి:
మీరన్నది నిజమే. కంబారాలోని లెమాకీ వడ్రంగులు సమోవా మూలం ఉన్నవాళ్ళు, టోంగా మీదుగా వచ్చి స్థిరపడ్డారు. కాళ్ళున్న ఆకారం వాళ్ళతో వచ్చిందని అంటారు. ఫిజీని మెలనీషియాలో కలపాలా పాలినీషియాలో కలపాలా అన్న వాదన పటాలు గీసేవాళ్ళు చేసుకోవలసినది. పెరట్లో కూర్చుని గిన్నె అందుకునేవాడికి అది పట్టదు.

పెండలం:
ఈ చర్చ అంతా వ్యాపారం చుట్టూ తిరుగుతోంది. పళ్ళెంలో తిండి పెట్టడం నేను కళ్ళారా చూశాను కనుక ఆ సంగతి చెబుతాను. వనువాటులో పనిచేసిన రోజుల్లో ఉత్తరాన ఉన్న బ్యాంక్స్ దీవులకు ఒకసారి వెళ్ళాను. సీమపనస కాపు కాలం అది. కాయలను నిప్పుల మీద పైతోలు బొగ్గయ్యేదాకా కాల్చి, గీరి, లోపలి గుజ్జును పొగలు కక్కుతుండగానే ఒక పెద్ద కొయ్య పళ్ళెంలో వేశారు. పళ్ళెం దాదాపు మీటరు పొడవు, అంచులు చాలా తక్కువ ఎత్తు, రెండు కొసలా పట్టుకోవడానికి చిన్న పిడులు. ఒకాయన దాని ముందు కూర్చుని, చేతి మందపు కొయ్య రోకలితో కొట్టడం మొదలుపెట్టాడు. రోకలి గుజ్జుకు అంటుకున్నప్పుడల్లా దాన్ని తడిపి మళ్ళీ కొట్టాడు. మొదట ముద్దముద్దగా ఉన్న చప్పుడు పావుగంటకు జిగురుగా, చెంపదెబ్బలా మారింది. ఆ చప్పుడు విని పక్కింటి పిల్లలు చేరిపోయారు. గుజ్జు పూర్తిగా నునుపయ్యాక పళ్ళెం నిండా పరిచి, చిక్కని కొబ్బరిపాలు పోసి, పలుచని కొయ్య కత్తితో మైసూర్‌పాకు కోసినట్టు వాలుగా కోశారు. దాన్ని నలోట్ అంటారు. సీమపనస లేని కాలంలో చేమదుంపతో చేస్తారు. మా ఇంట్లో పండక్కి చేసే ఏ వంటకమూ ఇంత శ్రమ పడదు, ఇంత త్వరగా అయిపోదు కూడా!

నేను చెప్పదలచినది ఇదే. ఆ పళ్ళెం వడ్డించే పాత్ర, రోలు, పీట మూడూ ఒకటే. దంచే దెబ్బకు తట్టుకోవాలి కనుక అడుగు మందంగా ఉండాలి. నలుగురూ చుట్టూ కూర్చుని తీసుకోవాలి కనుక అంచు తక్కువగా ఉండాలి. చెక్కడం కొసల దగ్గరా పిడుల దగ్గరా మాత్రమే ఉంది, నడుమ ఏమీ లేదు. ఎనామిల్ బేసిన్ మీద రోకలి వేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే అక్కడ ఆ పళ్ళెం ఇంకా ఇళ్ళలో ఉంది.

ఉలిబాడిస:
పెండలం గారూ, ఈ ఒక్క పేరా చదివితే పాత్ర ఆకారం ఎందుకలా ఉందో పూర్తిగా తెలిసింది. మనవైపు కొయ్యను తొలిచి చేసిన పాత్రను మరిగె అనేవారు. మా తాత నోట విన్నాను. ఆ మాటా పోయింది, ఆ వస్తువూ పోయింది.

పాతపుస్తకాలు:
బ్యాంక్స్ దీవుల్లోని మోటా భాషలో ఈ పళ్ళేనికి తపియా అనే పేరుంది. మెలనీషియన్ మిషన్ అనే క్రైస్తవ మతప్రచార సంస్థలో పనిచేసిన రాబర్ట్ కోడ్రింగ్టన్ 19వ శతాబ్దంలో ఆ భాషకు నిఘంటువు తయారుచేశాడు. 1891లో మెలనీషియన్ల ఆచారాల మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఈ ప్రాంతం గురించి చదివేవారు ఇప్పటికీ తిరగేస్తారు.

పెండలం గారి మాటతో నా అభిప్రాయాన్ని కొంత సవరించుకోవాలి. వనువాటు పళ్ళెం వంటలో భాగం కనుక ఇంట్లో నిలిచింది. తామీ పళ్ళెం ఇచ్చిపుచ్చుకోవడంలో భాగం, దుకాణంలో డబ్బుతో బేసిన్ కొనగలిగిన రోజున వంటింటి నుంచి అది తప్పుకుంది. హువాన్‌తీరం గారి విందులో అది కనిపించకపోవడానికి కారణం అదే కావచ్చు.

సందేహాలరాయుడు:
సవరించుకునే పనిలో ఉన్నారు కనుక ఇంకొకటి. న్యూ గినీకి ఉత్తరాన ఉన్న అడ్మిరాల్టీ దీవుల మాటేమిటి? వాటిలో పెద్దదైన మానుస్ దీవి వైపు అర్ధగోళాకారపు పెద్ద పళ్ళేలు పుస్తకాల్లో చూశాను. నాలుగు పొట్టి కాళ్ళు, రెండు పక్కలా చుట్టలు చుట్టిన పిడులు, కొన్ని మీటరు వ్యాసానికి మించి ఉంటాయి. అవి ఎక్కువగా లౌ దీవివాళ్ళ పని. లౌ అగ్నిపర్వతపు దీవి, నేల సారవంతం. పైగా గాజురాతి గనులు వాళ్ళవే, ఈటె మొనలు కావాలంటే అందరూ వాళ్ళ దగ్గరికే పోవాలి. తిండికి లోటు లేనివాళ్ళు పళ్ళేలు ఎందుకు చెక్కారు?

పాతపుస్తకాలు:
ఇది గట్టి ప్రశ్న, నా సూత్రం ఇక్కడ నిలవదు. అడ్మిరాల్టీ దీవుల్లో ఏ దీవికి ఆ దీవి ఒక్కో పని పట్టుకుంది. లౌవాళ్ళది పళ్ళెం అయితే పక్కనే ఉన్న బలువాన్‌వాళ్ళది గరిట, పాక్‌వాళ్ళది దుంగ డోలు, మంచం. నీళ్ళ మీద గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్న మానుస్ జాలరులు చేపలు పట్టి, వీటన్నిటినీ మారకంలో తెచ్చుకున్నారు. మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1928లో వెళ్ళి ఉన్న పెరే ఊరు వాళ్ళదే. ఇంకొక దీవివాడికి చెక్కడం చేతకాక కాదు, ఆ పని వాళ్ళది కాదని మానేశాడు. పని పంచుకుంటే ఒకరికొకరు అవసరమవుతారు, అవసరమైతే పడవ వస్తూ పోతూ ఉంటుంది. కనుక పేదరికం ఒక కారణమే తప్ప అదే మూలం కాదని ఒప్పుకుంటున్నాను. చెక్కేవాడూ తినేవాడూ వేరువేరు ఊళ్ళవాళ్ళు అన్నంత మేరకే నా మాట నిలుస్తుంది.

పెండలం:
అది కూడా అంతటా నిలవదు. నేను చూసిన పళ్ళెం ఆ ఇంటాయన మామగారు చెక్కినదట.

పాతపుస్తకాలు:
తల వంచుతున్నాను. అయినా న్యూ గినీ తూర్పు కొస దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1915 నుంచి 1918 వరకు రెండు విడతలుగా అక్కడ ఉండి, 1922లో ప్రచురించిన పుస్తకంలో బ్వొయితాలు అనే ఊరిని వర్ణించాడు. కొయ్య పళ్ళేలు, అక్కడి మాటలో కబోమాలు, చెక్కడంలో ఆ ఊరివాళ్ళను మించినవారు లేరు. అదే ఊరు హోదాలో అందరికంటే అడుగున ఉంది. వాళ్ళు అడవిపందినీ స్టింగ్‌రే చేపనూ తింటారని పెద్ద హోదా ఉన్నవాళ్ళు అసహ్యించుకునేవారు. వాళ్ళు తినే తిండి పనికిరాదు, వాళ్ళు చెక్కిన పళ్ళెం మాత్రం నాయకుడి విందులోకి కావాలి.

సందేహాలరాయుడు:
ఈ లెక్క మన ఊళ్ళలో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. చెప్పు కుట్టినవాడిని గడప దాటనివ్వని ఇంట్లో చెప్పుల జత మాత్రం గడప లోపలే ఉండేది.

ఉలిబాడిస:
నిజమే, రాయుడు గారూ. మా తాత కూడా పెళ్ళిపీటలు చేసి గుమ్మం బయటే నిలబడి ఇచ్చి వచ్చేవాడు.

మెల్‌బోర్న్‌గోదావరి:
సోలమన్ దీవుల పళ్ళేల ప్రస్తావన ఇంకా రాలేదు. నాకు వాటి మీదే మోజు. మకీరాకు తూర్పున ఉన్న శాంటా అనా, శాంటా కాటలీనా దీవుల పాత్రలు నల్లని ఒంటి మీద గవ్వముక్కలు పొదిగినవి. ముత్యంలా మెరిసే నాటిలస్ పెంకును చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక అడవికాయ గింజను నూరి చేసిన లుకంతో అతికిస్తారు. ఆ లుకం ఎండితే రాయి. ఆకారాలు ఎక్కువగా ఫ్రిగేట్ పక్షి, బొనీటో చేప, సొరచేప. ఈ మూటికీ అక్కడ సంబంధం ఉంది. బొనీటో గుంపు నీటిపైకి వచ్చినప్పుడు పైన పక్షులు, కింద సొరచేపలు ఒకేసారి చేరతాయి. జాలరి వెతికేది ఆ చోటునే. మగపిల్లలను పెద్దవాళ్ళలో కలిపే క్రతువు కూడా తొలి బొనీటోతో ముడిపడినదే కనుక, పళ్ళెం మీది పక్షి ఊరికే అలంకారానికి వచ్చినది కాదు.

పెద్ద పాత్రల విషయానికి వస్తే, న్యూ జార్జియా దీవిలోని రొవియానా ప్రాంతం నుంచి తెచ్చిన ఒక విందు తొట్టి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మొసలి తలతో పడవంత పొడవుంటుంది. 1891లో రాయలిస్ట్ యుద్ధనౌక కెప్టెన్ డేవిస్ ఒక శిక్షాదాడిలో ఊళ్ళను తగలబెట్టించి దాన్ని తీసుకుపోయాడు. ఊరంతా కలిసి తినే పాత్ర అది. ఇప్పుడది మ్యూజియం వస్తువు, దానిలో తినేవాడు లేడు.

నాందీవాసి:
ఊరిని తగలబెట్టి వంటపాత్ర ఎత్తుకుపోవడం విచిత్రం.

మెల్‌బోర్న్‌గోదావరి:
ఇంకొక ఆచరణాత్మకమైన విషయం. హువాన్‌తీరం గారు ఆస్ట్రేలియా మీదుగా ఇండియా వెళ్ళేటట్లయితే కొయ్య వస్తువును తప్పనిసరిగా ప్రకటించండి. పుచ్చు రంధ్రాలు, పొడి కనిపిస్తే పొగ పట్టించాలనో మరో శుద్ధి చేయాలనో అంటారు, ఖర్చు మీదే. నేను ఒకసారి ప్రకటించకుండా దాటవేద్దామనుకుని పట్టుబడ్డాను. ఆ జరిమానా మొత్తం ఇక్కడ రాయలేను, మా ఆవిడ ఈ వేదిక చదువుతుంది.

ఉలిబాడిస:
చెట్టు గురించి కూడా ఒక మాట. క్విలా, వేసి, మెర్బావ్ ఏ పేరున పిలిచినా ఇది ప్రపంచమంతటికీ నేలపలకలుగా, వరండాలుగా, తలుపులుగా పోతున్న కలప. నెమ్మదిగా పెరిగే చెట్టు, నరికినంత త్వరగా తిరిగిరాదు. ఒక పళ్ళేనికి మొద్దులో ఒక ముక్క చాలు, ఒక వరండాకు చెట్లే కావాలి. మా దుకాణానికి మెర్బావ్ తలుపు అడిగి వచ్చేవారుంటారు. తలుపు చేసి ఇస్తున్నాను గనుక నేనూ ఆ లెక్కలో ఉన్నాను.

నాందీవాసి:
కంబారాలో కూడా పెద్ద వేసి ఇదివరకంత సులభంగా దొరకడం లేదని మా దగ్గర తనోవా అమ్మేవాళ్ళు చెబుతారు. చిన్న సైజువే ఎక్కువగా వస్తున్నాయి. పర్యాటకులకు అవే చాలు, పెట్టెలో పడతాయి.

పెండలం:
హువాన్‌తీరం గారూ, ఆ పాలిష్ ఉన్నంత వరకు దానిలో తినే పదార్థం పెట్టకండి. తీసేయాలంటే ఎలాగో ఉలిబాడిస గారు చెప్పాలి.

ఉలిబాడిస:
పాలిష్‌లో మైనం, రంగు ఉంటాయి. నీటితో పోవు, నానబెడితే కర్ర నెర్రెలిస్తుంది. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో కొద్దికొద్దిగా తుడిచి, వాసన పోయేదాకా నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టవద్దు. తరవాత కొబ్బరినూనె పలుచగా పట్టించండి. అయినా ఆ రంగు కర్రలోకి ఎంత దిగిందో చెప్పలేం కనుక తడి వంటకాలు, పులుపు వద్దు. చింతపండు పులిహోర అసలే వద్దు.

హువాన్‌తీరం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం ఒక సంగతి జరిగింది. నేను విందుకు వెళ్ళిన ఇంటాయన సొంత ఊరు ఫిన్ష్‌హాఫెన్ వైపే. పళ్ళెం ఆఫీసుకు తీసుకువెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన పళ్ళెం కొసనున్న ముఖం వైపు చూడలేదు, చెక్కడం వైపూ చూడలేదు. పళ్ళేన్ని తిరగేసి, అడుగు మీద బొటనవేలితో తట్టి, రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. ఇది క్విలా కాదు, మెత్తని కర్ర, నలుపు అందుకే పూశారు అన్నాడు. తరవాత వాళ్ళ ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఒక పళ్ళెం ఉందనీ, వాళ్ళ అమ్మ పెళ్ళికి వచ్చినదనీ, దానిలో ఎవరూ తినరనీ, తన చెల్లెలి కొడుకు పెళ్ళికి అది మళ్ళీ బయటికి వస్తుందనీ చెప్పాడు. దానికి ఒక పక్క నెర్రె పడితే ఎవరో తీగతో కుట్టారట, ఆ కుట్టుతో సహా లెక్కలోకి వస్తుందట.

మరి నాది పెళ్ళికి పనికివస్తుందా అని అడిగాను. ఆయన నా వైపు కాసేపు జాలిగా చూసి, బిస్కెట్లు పెట్టుకోవచ్చు, ప్యాకెట్ విప్పకుండా పెట్టుకో అన్నాడు.